పరుగునకు బరువు పగయా?

దేహబలమునకు రెండు కొలతలు గలవు. ఎంత బరువెత్తగలడనునది ఒకటి. ఎంత దూరము అలయక పోగలడనునది రెండవది. కళ్ళమునుండి ధాన్యపు బస్తాను వీపున వేసికొని బండిదాక నడచు కూలివానికి ఈ రెండును కావలెను. పగలెల్ల నాగలి వెంట నడచి, ప్రొద్దుగ్రుంకువేళ గడ్డిమోపు తలకెత్తుకొని ఇల్లు చేరు రైతునకును ఈ రెండును కావలెను. జీవితము వీనిని ఏనాడును విడదీయలేదు. విడదీసినది ఆటస్థలము. అచ్చట పరుగెత్తువారు ఒక జాతి, బరువెత్తువారు వేరొక జాతి అయిరి. ఒకరి కసరత్తు మరియొకరికి చెరుపని ఉభయులును చాలకాలము నమ్మిరి.

ఈ రెండు జాతులను ఒకే బరిలో నిలిపిన పందెమొకటి ఇటీవల అనేక దేశములకు వ్యాపించినది. దానికి హైరాక్స్ అని పేరు. 2017లో జర్మనీ దేశపు హాంబర్గ్ నగరమున అది పుట్టినది. క్రీడోత్సవములు నడపుటలో అనుభవము గల క్రిస్టియన్ టోట్స్‌కె, 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో జర్మనీ హాకీ జట్టుతో స్వర్ణపతకములు గెలిచిన మోరిట్జ్ ఫుర్స్టె దాని స్థాపకులు. 2025 మే మాసమున ఈ పందెము ముంబయిలోను జరిగినది.

పందెపు తీరు ఇది. మొదట ఒక కిలోమీటరు పరుగు, పిమ్మట ఒక బలపరీక్ష. మరల ఒక కిలోమీటరు పరుగు, మరల ఒక పరీక్ష. ఇట్లు ఎనిమిది పరుగులు, ఎనిమిది పరీక్షలు. మంచుపై కర్రలతో తోసికొని జారువారి కదలికను అనుకరించు యంత్రముపై 1000 మీటర్లు మొదటి పరీక్ష. చక్రములు లేని ఇనుపబండిని 50 మీటర్లు నెట్టుట రెండవది. అట్టి బండినే మోకుతో 50 మీటర్లు లాగుట మూడవది. నేలపై బోరగిల పడి, లేచి, ముందునకు దూకుచు 80 మీటర్లు సాగుట నాలుగవది. మన తాలింఖానాలలో దండీలు తీసినవారికి ఈ కదలిక కొంత పరిచితమే. తెడ్డు వేయు యంత్రముపై 1000 మీటర్లు అయిదవది. రెండు చేతులను రెండు బరువులు మోసికొని, నీళ్ళబిందెలు పట్టినట్లు, 200 మీటర్లు నడచుట ఆరవది. ఇసుకసంచిని భుజములపై నుంచుకొని, అడుగడుగునకు మోకాలు నేలకానించుచు 100 మీటర్లు పోవుట ఏడవది. బరువైన బంతిని గోడపై గుర్తునకు నూరుమారులు విసరుట కడపటిది. 2025 నాటి నియమముల ప్రకారము సామాన్య విభాగమున నెట్టవలసిన బండి, దానిపై బరువుతో కలిపి, పురుషులకు 152 కిలోలు, స్త్రీలకు 102 కిలోలు.

ఈ పందెమున దిగువారందరిని వేధించు ప్రశ్న ఒకటే. వెనుకటికంటె మేలుగా ముగించుటెట్లు? ఎక్కువ పరుగెత్తవలెనా? ఎక్కువ బరువులెత్తవలెనా? లేక దినదినమును రెండింటిని కలిపి, ఒడలు నేలకూలువరకు శ్రమించవలెనా? ఈ మూడవ మార్గమే పలువురికి నచ్చును. పందెమున ఉన్నది అదియే కదా అని వారి వాదము. చరిత్రను పరిశీలించినచో ఆ వాదము నిలువదని మా అభిప్రాయము. ఈ ప్రశ్న కొత్తది కాదు. వేయేండ్ల పూర్వమే దానిని అడిగిరి. ప్రాణములొడ్డి జవాబులు సంపాదించిరి.

ప్రాచీన గ్రీకులు ఒలింపియా ఉత్సవములలో పంచక్రీడల పోటీని క్రీ. పూ. 708లో ప్రవేశపెట్టిరని సంప్రదాయము. పరుగు, దూకుడు, చక్రము విసరుట, బల్లెము విసరుట, కుస్తీ అను అయిదింటను ఒకే మనుష్యుడు పోటీ పడవలెను. క్రీ. పూ. 520లో కవచధారుల పరుగును చేర్చిరి. శిరస్త్రాణము ధరించి, బరువైన డాలు పూని, ఇంచుమించు 400 మీటర్లు పరుగెత్తవలెను. పరుగును బరువును జతకూర్చిన పందెములలో మనకు తెలిసిన ప్రాచీనమైనవానిలో ఇది యొకటి. పంచక్రీడలు నేర్చినవారి దేహము బలమునకును వేగమునకును సమానముగా తగియుండును గనుక వారే మిక్కిలి అందమైనవారని తత్త్వవేత్త అరిస్టాటిల్ అభిప్రాయపడెను.

ఆ గ్రీకుల శిక్షణ పద్ధతిని గూర్చి క్రీ. శ. మూడవ శతాబ్దమున ఫిలోస్ట్రాటస్ అను రచయిత ఒక గ్రంథము వ్రాసెను. నాటి శిక్షకులు నాలుగు దినముల చక్రము నొకదానిని పాటించుచుండిరి. మొదటి దినమున దేహమును మేల్కొలుపు చురుకైన చిన్న కసరత్తులు. రెండవ దినమున శక్తినంతయు ధారపోయు తీవ్రశ్రమ. మూడవ దినమున విశ్రాంతి. నాలుగవ దినమున మధ్యమ శ్రమ. శ్రమను విశ్రాంతిని ఒక క్రమమున అల్లవలెనను ఊహ ఎంత ప్రాచీనమో దీనివలన తెలియుచున్నది. కాని ఆ రచయిత ఈ చక్రమును మెచ్చుకొనలేదు; తీవ్రముగా ఖండించెను. అందులకు కారణముగా గెరేనస్ అను మల్లుని మరణమును చెప్పెను.

ఈజిప్టులోని నౌక్రాటిస్ పట్టణపు గెరేనస్ ఒలింపియాలో గెలిచెను. గెలిచిన సంతోషమున మిత్రులతో విందు చేసికొని, అలవాటు లేని భోజనపానములు సేవించి, నిద్రకు దూరమయ్యెను. మరునాడు వ్యాయామశాలకు వచ్చి తనకు అజీర్ణముగా ఉన్నదని శిక్షకునకు చెప్పుకొనెను. చక్రము తప్పెనని శిక్షకుడు కోపించి, నిర్ణీతమైన కసరత్తును విడువక చేయించెను. ఆ శ్రమలోనే గెరేనస్ ప్రాణము విడిచెను. ఆతని సమాధి ఏథెన్సునుండి ఎల్యూసిస్‌నకు పోవు మార్గమున కుడిప్రక్కన ఉండెడిదట. చక్రమున దోషము లేదు. ఎదుటనున్న దేహమును చూడక కాగితమునే చూచుటలో దోషమున్నది. ఏ పందెమునకు సిద్ధపడువారైనను మరువరాని మొదటి పాఠమిది.

గ్రీకుల పంచక్రీడలు అంతరించిన పిదప పరుగునకు బరువునకు మరల పొత్తు కలిపినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి నౌకాసైన్యాధికారి జార్జి ఎబేర్. 1902లో మార్టినీక్ ద్వీపమున పెలే అగ్నిపర్వతము పగిలి సెయింట్ పియెర్ పట్టణము భస్మమైనది. సుమారు ముప్పదివేల మంది మరణించిరి. నాటి రక్షణకార్యములలో ఎబేర్ పాల్గొనెను. ఆపద వచ్చినపుడు అక్కరకు రాని బలము బలము కాదని ఆతనికి తోచినది. నడక, పరుగు, దూకుడు, నాలుగు కాళ్ళ నడక, ఎక్కుట, సమతూకము, విసరుట, ఎత్తుట, ఆత్మరక్షణ, ఈత అను పది విధముల కసరత్తులను ఆతడు ఒకే పాఠములో కూర్చెను. 1913లో రీమ్స్ నగరమున ఈ పద్ధతిని నేర్పు కళాశాల వెలసినది; 1914లో మొదలైన మహాయుద్ధము దానిని మ్రింగివేసినది. యుద్ధానంతరమున పరుగువారును బరువువారును మరల ఎవరి దారిని వారు పోయిరి. అయినను ఆ రెండు దారులలోను గొప్ప సత్యములు బయటపడినవి.

పరుగు దారిని మొదట చూతము. 1930 ప్రాంతములలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్‌లర్ అను శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అను హృద్రోగ వైద్యుని సహాయముతో, ఒక కొత్త పద్ధతిని రూపొందించెను. కొంతదూరము వేగముగా పరుగు, గుండె కొంత నెమ్మదించువరకు విరామము, మరల పరుగు. ఈ విరామశిక్షణ పొందిన రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్ నగరమున 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకండ్లలో పరుగెత్తెను. ఆ రికార్డును 1955 వరకు ఎవరును దాటలేకపోయిరి. హార్బిగ్ మాత్రము దానిని చూడలేదు. 1944లోనే యుద్ధమునకు ఆహుతి అయ్యెను.

ఈ విజయము చూచి వేగమే సర్వస్వమని లోకము తలచుచుండగా, న్యూజీలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ వేరొక మాట చెప్పెను. ముందు దీర్ఘమైన పరుగులతో పునాది వేయుడు, వేగము పిమ్మట వచ్చునని ఆతని మతము. 800 మీటర్లు పరుగెత్తువానిచేత గూడ ఆతడు వారమునకు 160 కిలోమీటర్ల వరకు పరుగెత్తించెను. 1960 రోము ఒలింపిక్స్‌లో ఒకే దినమున ఆతని శిష్యులిద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరే హాల్‌బర్గ్ 5000 మీటర్లలోను, స్వర్ణపతకములు గెలిచిరి. మాటలాడుకొనుచు పరుగెత్తగల వేగమున దీర్ఘకాలము పరుగెత్తినచో గుండె ఒక్కొక్క కొట్టుకొనుటలో ఎక్కువ రక్తమును పంపగలుగును. కండలలో సన్నని రక్తనాళములు పెరుగును. ప్రాణవాయువును వాడుకొను శక్తి హెచ్చును. లిడియార్డ్ పద్ధతికి శాస్త్రము తరువాత చెప్పిన సాక్ష్యమిది.

బరువు దారిలో వెలుగు చూపినది ఒక సైనిక వైద్యశాల. రెండవ ప్రపంచయుద్ధమున మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు చికాగోలోని ఆస్పత్రిలో నెలలకొలది మంచమున ఉండిరి. కోలుకొనువారు సున్నితముగా కదలవలెననునది నాటి వైద్యుల వాడుక. చిన్ననాట తాను జబ్బుపడి బరువులెత్తి బలము తెచ్చుకొన్న థామస్ డిలోర్మ్ అను యువవైద్యుడు దీనిని ఒప్పుకొనలేదు. పది పర్యాయములు మాత్రమే ఎత్తగల బరువును కనుగొని, ఆ కొలతనుబట్టి కసరత్తు చేయించి, బలము పెరిగినకొలది బరువును పెంచుచు పోయెను. 1945లో ఆతడు తన ఫలితములను ప్రకటించెను. కండకు ఎన్ని గంటలు పని చెప్పితిమనుట కాదు, క్రమముగా ఎంత బరువైన పని చెప్పితిమనుటయే బలమునకు మూలమని ఆ ఫలితముల సారాంశము.

ఈ రెండు దారులను ఒక గదిలో కలిపినవారు ఇంగ్లాండులోని లీడ్స్ విశ్వవిద్యాలయపు వ్యాయామోపాధ్యాయులు మోర్గన్, ఆడమ్‌సన్. 1953లో వారు చక్రశిక్షణ అను పద్ధతిని రూపొందించిరి. గది చుట్టును తొమ్మిది మొదలు పండ్రెండు వరకు స్థానములు. ఒక్కొక్కచోట ఒక్కొక్క కసరత్తు. విద్యార్థి ఒకదానినుండి మరియొకదానికి ఆగక పోవలెను. ప్రతివాడును మొదట తన శక్తిని పరీక్షించుకొని, దానికి తగిన పాలే తీసికొనవలెననునది అందలి నియమము. హాంబర్గ్ పందెమునకు ఇది దగ్గర పూర్వగామియని చెప్పదగును.

కలిపినంత మాత్రమున రెండును పెరుగునా? ఈ ప్రశ్నను సూటిగా అడిగినవాడు అమెరికాలోని రాబర్ట్ హిక్సన్. ఆతడు స్వయముగా బరువులెత్తువాడు. గురువైన హాలోజీ ప్రతిదినమును పరుగెత్తువాడు. గురువుతో కలిసి పరుగెత్త మొదలిడినపిదప తన కండలు తగ్గుచున్నట్లు హిక్సన్‌కు తోచినది. స్వంత పరిశోధనశాల ఏర్పడిన పిమ్మట ఆ సంశయమునే పరీక్షకు పెట్టి 1980లో ఫలితమును ప్రకటించెను. మూడు జట్లు, పది వారములు. ఒక జట్టు వారమునకు అయిదు దినములు బరువులెత్తినది; ఒకటి ఆరు దినములు ఓర్పు కసరత్తు చేసినది; మూడవది ఆ రెండును పూర్తిగా చేసినది. మూడవ జట్టువారి ఓర్పు తగ్గలేదు. వారి బలము మాత్రము ఏడెనిమిది వారముల వరకు పెరిగి, అచ్చటనే నిలిచి, పిమ్మట తగ్గజొచ్చినది. బరువులు మాత్రమే ఎత్తినవారి బలమో చివరివరకు పెరుగుచునే పోయినది.

ఇది చూచి పరుగు బరువునకు పగయని పలువురు తీర్మానించిరి. కాని హిక్సన్ అంతటితో నిలువలేదు. 1988లో ఆతడే మరియొక పరీక్ష జరిపి, ఓర్పు కసరత్తు మరిగినవారికి వారమునకు మూడు దినములు మాత్రము బలశిక్షణ చేర్చెను. కఠినమైన వేగమున సైకిలు తొక్కగల వారి కాలము సగటున 71 నిమిషములనుండి 85 నిమిషములకు పెరిగినది. 1999లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు పరుగువారికి దూకుడువంటి వేగబలపు కసరత్తులు చేర్చి తొమ్మిది వారములు శిక్షణ నిచ్చిరి; వారు 5 కిలోమీటర్లను వెనుకటికంటె త్వరగా ముగించిరి. అనేక పరీక్షలను పోల్చి 2022లో ప్రకటించిన సమీక్ష యొకటి, రెండింటిని తగుమాత్రము కలిపినచో కండపుష్టికిగాని గరిష్ఠబలమునకుగాని హాని లేదనియు, ఒకే పూట కలిపినపుడు మాత్రము వేగబలము కొంత తగ్గవచ్చుననియు తేల్చినది. అనగా పగ పరుగునకు బరువునకు కాదు. అతిశ్రమకును దేహమునకును పగ. రెండింటిని నిండుగా, విరామము లేక కోరినవానికే దేహము ఎదురు తిరుగును.

ఇప్పుడు మన పందెమునకు వత్తము. కొత్తవారు దీనిని బలపరీక్షగా భావింతురు. ఇనుపబండియే వారి కన్నులలో మెదలుచుండును. లెక్క చూడుడు. కిలోమీటరునకు ఆరున్నర నిమిషములు పట్టువానికి ఎనిమిది కిలోమీటర్లకు 52 నిమిషములు పట్టును. పందెమంతయు గంటన్నరలో ముగించినచో సగముకంటె ఎక్కువ కాలము పరుగునకే పోయినది. కిలోమీటరునకు 20 సెకండ్లు తగ్గించుకొన్నచో మొత్తము 2 నిమిషముల 40 సెకండ్లు మిగులును. అంత కాలమును ఒక్క బండి నెట్టుటలో మిగుల్చుట దుర్లభము. 2025లో ప్రకటితమైన ఒక చిన్న పరిశోధనలోను, పోటీదారుల కాలములో పెద్దపాలు పరుగుదేననియు, ప్రాణవాయువును వాడుకొను శక్తి అధికముగా గలవారే ముందు ముగించిరనియు తేలినది.

అట్లని బలమును విడువరాదు. నెట్టవలసిన బండి ఒకని శక్తికి అంచుననున్నచో ఆ 50 మీటర్లలోనే ఆతని కాళ్ళు కట్టెలగును. తరువాతి పరుగు నడకగా మారును. బలము గలవానికి అదే బండి తన శక్తిలో సగము మాత్రమే. పరీక్ష ముగిసిన వెంటనే పరుగందుకొనగలడు. కనుక ఈ పందెమున బలము కావలసినది పరుగును కాపాడుటకు. ఓర్పు కావలసినది బలమును కడవరకు మిగుల్చుటకు.

చరిత్ర చెప్పిన ఈ పాఠములను వారపు క్రమముగా మార్చినచో ఇట్లుండును. రెండు దినములు లిడియార్డ్ మార్గమున, మాటలాడగల వేగమున, నిదానమైన పరుగు; అందొకటి దీర్ఘము. ఒక దినము గెర్ష్‌లర్ మార్గమున, ఒక్కొక్క కిలోమీటరు చొప్పున నాలుగైదు వేగపు పరుగులు, నడుమ విరామములు. రెండు పూటలు డిలోర్మ్ మార్గమున, కాళ్ళకు వీపునకు చేతులకు క్రమముగా పెంచుకొను బరువులు. పరుగునకును దీనికిని నడుమ కొన్ని గంటలైనను ఎడముండవలెను. వారమునకొక్కమారు మాత్రము లీడ్స్ మార్గమున పరుగును పరీక్షను జతచేసిన సాధన. అలసిన కాళ్ళతో పరుగందుకొనుట అపుడు అలవడును. ఒక దినము పూర్తి విశ్రాంతి. పందెమునకు ముందు వారము పది దినములు శ్రమను సగమునకు తగ్గింపవలెను. పందెపు దినమున మొదటి కిలోమీటరును ఉత్సాహముతో దూకుడుగా పోక, ఎనిమిదవ కిలోమీటరును గూడ అదే వేగమున పోగలుగునట్లు ఎన్నుకొనవలెను.

ఇంటిలో ఎవరైనను ఇట్టి పందెమునకు సిద్ధపడుచున్నచో తక్కినవారికిని ఒక బాధ్యత గలదు. నలుబది దాటినవారు, గుండెజబ్బు రక్తపుపోటు గలవారు, చాలకాలముగా దేహశ్రమ మానినవారు వైద్యుని చూచిన పిదపనే మొదలుపెట్టునట్లు చూడవలెను. జ్వరమున్న దినమున, నిద్ర లేని దినమున, రొమ్ములో నొప్పి తోచిన క్షణమున కసరత్తు ఆపించవలెను. నియమము తప్పెనేయని వారు చింతించినచో ఎల్యూసిస్ మార్గముననున్న ఆ సమాధిని గూర్చి చెప్పవలెను. కసరత్తు ఒక దినము తప్పినందున పోవు బలము స్వల్పము. దానిని వారములోనే మరల గడింపవచ్చును.